టాహో సరస్సు కాలిబాటల్లో అమ్మానాన్నలతో నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం

గత ఏడాది జూలైలో అమ్మానాన్నలను కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న టాహో సరస్సుకు తీసుకువెళ్ళి, సరస్సును సరిగా చూపించకుండానే తిరిగి తీసుకువచ్చాను. ఫ్రీమాంట్‌లో ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, దారిలో ఆగుతూ ఒంటిగంటకు సరస్సులోని చిన్న అఖాతమైన ఎమరాల్డ్ బే చేరేసరికి రోడ్డు పక్కన కారు నిలపడానికి అడుగు చోటు కూడా లేదు. అదే మలుపు చుట్టూ నాలుగుసార్లు తిరిగాము. చివరకు వాళ్ళను దింపి, పది నిమిషాల్లో చూసి రమ్మని చెప్పి నేను కారులోనే ఉండిపోయాను. నాన్న రోడ్డు అంచున నిలబడి, ఆగి ఉన్న బస్సుల మధ్య సందులోంచి మెడ చాచి నీళ్ళ వైపు చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి నేను చూపించింది అంతే.

ఈసారి జూలై చివరి వారంలో మూడు రోజులు పెట్టుకున్నాము. నాన్నకు 68 ఏళ్ళు. రోజూ బందరు కాలువ గట్టున ఐదు కిలోమీటర్లు నడుస్తారు, ఏటా అలిపిరి మెట్లు ఎక్కుతారు. అమ్మకు 63; కుడి మోకాలు ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది కాని దిగేటప్పుడు బాధిస్తుంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. కారు అద్దంలోంచి కాకుండా, నడుస్తూ సరస్సును చూడగలిగే బాటలు కావాలి. మ్యాపు తెరిస్తే గీతల మీద గీతలు కనిపిస్తున్నాయి తప్ప ఏది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో అర్థం కావడం లేదు. వెళ్ళి వచ్చినవారు చెప్పండి.

నల్లమల_నడక

మ్యాపులో గీతలు అలా కలగలిసి కనిపించడానికి కారణం ఉంది. అక్కడ ఉన్నది ఒక బాట కాదు, మూడు రకాల బాటల అల్లిక. అన్నిటికంటే పెద్దది టాహో రిమ్ ట్రెయిల్. సరస్సును చుట్టుకొని ఉన్న కొండల భుజాల మీదుగా ఉంగరంలా తిరిగి మొదటికే వచ్చే ఈ బాట 165 మైళ్ళకు పైనే ఉంటుంది. గ్లెన్ హాంప్టన్ అనే అటవీశాఖ ఉద్యోగికి 1980ల మొదట్లో వచ్చిన ఆలోచన ఇది. చాలా భాగం స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు పలుగూ పారా పట్టి తీర్చిన దారి. ఉంగరం పూర్తిగా కలిసింది 2001లో. పడమటి వైపు దాదాపు 50 మైళ్ళ మేర ఇదీ, మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా వెళ్ళే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిలూ ఒకటే దారిగా సాగుతాయి.

రెండవది డిసొలేషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత ప్రాంతంలోని బాటలు. సరస్సుకు నైరుతిన సుమారు 64 వేల ఎకరాల గ్రానైటు నేల, అందులో చిన్నా పెద్దా సరస్సులు, వాటిని కలుపుతూ బాటలు. మూడవ రకం, ఒడ్డున ఉన్న స్టేట్ పార్కుల లోపలి బాటలు. మొత్తం ఉంగరం నడవాలనుకునేవారికి రెండు వారాలు పడుతుంది. కాని టాహో సిటీ, బ్రాక్‌వే సమ్మిట్, టాహో మెడోస్, స్పూనర్ సమ్మిట్, కింగ్స్‌బరీ, బిగ్ మెడో, ఎకో లేక్స్, బార్కర్ పాస్ వంటి చోట్ల రోడ్డు ఆ ఉంగరాన్ని తాకుతుంది కాబట్టి, వీటిలో ఎక్కడ దిగినా గంటా రెండు గంటలు నడిచి వెనక్కు రావచ్చు. మీరు మ్యాపులో గీతలను కాకుండా ముందు ఈ మొదలుచోట్లను గుర్తించండి, చిక్కు విడిపోతుంది.

గత ఏడాది జరిగిన పొరపాటు ఒక్కటే. అందరూ వెళ్ళే చోటికి అందరూ వెళ్ళే వేళకు వెళ్ళారు.

రేనాటి_బిడ్డ

రోజూ ఐదు కిలోమీటర్లు నడిచి, అలిపిరి ఎక్కే మనిషిని ఒడ్డున కూర్చోబెట్టవద్దు. ఆయనను టాలక్ శిఖరానికి తీసుకువెళ్ళండి. ఎత్తు 9,735 అడుగులు, రానూ పోనూ పది మైళ్ళు, ఎక్కుడు 3,300 అడుగుల దాకా ఉంటుంది. దారిలో ఫ్లోటింగ్ ఐలాండ్ లేక్, కెథీడ్రల్ లేక్ తగులుతాయి. పైకి చేరాక తూర్పున టాహో మొత్తం, కాళ్ళ కింద ఫాలెన్ లీఫ్ లేక్, ఎడమన ఎమరాల్డ్ బే, వెనక్కు తిరిగితే డిసొలేషన్‌లోని గిల్మోర్, సూజీ, అలోహా సరస్సులు కనిపిస్తాయి. ఇన్ని నీళ్ళను ఒక్కచోట నిలబడి చూడగలిగిన తావు నేను ఇంకెక్కడా ఎరగను. నేను నాలుగుసార్లు ఎక్కాను.

వేపచెట్టు_నీడ

రేనాటి_బిడ్డ గారు చెప్పిన దృశ్యం నిజమే కాని, ఈ కుటుంబానికి ఆ సలహా ఇవ్వడాన్ని నేను ఒప్పుకోలేను. మూడేళ్ళ క్రితం ఆగస్టులో మేమిద్దరం టాలక్ ఎక్కాము. ఆలస్యంగా, తొమ్మిదింటికి మొదలుపెట్టాము. శిఖరం చేరేసరికి ఒకటిన్నర అయింది. ఎక్కేటప్పుడు ఆకాశం నీలంగానే ఉంది. ఫొటోలు తీసుకుంటూ ఉండగానే పడమటి నుంచి మబ్బు కమ్ముకువచ్చి, పావుగంటలో వడగళ్ళు మొదలయ్యాయి. ఆ చివరి మైలు అంతా కాలు వేస్తే జారే పలకరాళ్ళు. ఉరుము వినిపించిన ప్రతిసారీ తొందరపడి అడుగు వేయడం, రాయి కదలడం. మా వారి మడమ అక్కడే మెలిపడింది. మిగతా నాలుగు మైళ్ళు ఆయన నా భుజం పట్టుకొని దిగారు. కారు దగ్గరకు చేరేసరికి చీకటి పడింది, మా దగ్గర ఉన్నది ఫోను లైటు ఒక్కటే.

సియెర్రా కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఇలా ఉరుములు రావడం మామూలే. శిఖరాల మీద మధ్యాహ్నం పన్నెండు దాటాక ఉండకూడదన్న నియమం ఊరికే పెట్టుకున్నది కాదు. మోకాలు నొప్పి ఉన్న తల్లిని, ఎనిమిదేళ్ళ పిల్లవాడిని తీసుకొని ఆ వేళలోపు టాలక్ ఎక్కి దిగడం కుదరదు.

రేనాటి_బిడ్డ

అమ్మగారినీ పిల్లవాడినీ టాలక్‌కు తీసుకువెళ్ళమని నేను అనలేదు. తండ్రీ కొడుకులు ఇద్దరూ తెల్లవారి ఐదున్నరకు మొదలుపెట్టి, పదిన్నరకు పైకి చేరి, పదకొండుకు దిగుముఖం పట్టవచ్చు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కే కాళ్ళకు అది అసాధ్యం కాదు.

అరకు_కాఫీ

ఇక్కడ కాళ్ళ బలం కంటే గాలి గురించి ఎక్కువ ఆలోచించాలి. తిరుమల కొండ మూడు వేల అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. టాహో నీటి మట్టమే 6,225 అడుగులు. మన ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరాలు మా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. అవి కూడా 1,700 మీటర్ల లోపే, అంటే సుమారు 5,500 అడుగులే. మన రాష్ట్రంలో ఎంత ఎత్తుకు ఎక్కినా ఈ సరస్సు ఒడ్డు అంతకంటే పైనే ఉందన్నమాట. విజయవాడ నుంచి వచ్చిన మనిషి సముద్ర మట్టానికి ఇంచుమించు సమానమైన ఊళ్ళో జీవితమంతా గడిపి, ఫ్రీమాంట్ నుంచి నాలుగు గంటల్లో అక్కడికి చేరుతున్నారు.

మా మామగారి విషయంలో మేము దీన్ని లెక్కచేయలేదు. చేరిన మరునాడే తొమ్మిది వేల అడుగులకు తీసుకువెళ్ళాము. ఆయన మితంగా తినే, నియమంగా నడిచే మనిషి. మొదటి మైలులో ఏమీ అనలేదు. తరువాత ఒక రాతి మీద కూర్చొని, తల బరువుగా ఉందని, టిఫిన్ వద్దని చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దిగివచ్చాక తేరుకున్నారు కాని, మిగతా రెండు రోజులూ కొండ మాట ఎత్తితే ఆయన ముఖంలో జంకు కనిపించేది. మొదటి రోజు ఒడ్డునే నడిపించి, రెండో రోజు కొంచెం ఎక్కించి, పైకి వెళ్ళేదేదో మూడో రోజుకు పెట్టుకోండి. మంచినీళ్ళు దాహం వేయకముందే తాగించండి. రక్తపోటు మందులు వాడుతూ ఉంటే బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

రెండుజడలు

అమ్మగారి మోకాలికి నా సూచన ఈస్ట్ షోర్ ట్రెయిల్. నెవాడా వైపున ఇంక్లైన్ విలేజ్ నుంచి శాండ్ హార్బర్ దాకా మూడు మైళ్ళు, 2019లో తెరిచారు. నున్నగా పరిచిన దారి, మెట్లు లేవు, అడుగడుక్కీ కూర్చోవడానికి బండరాళ్ళూ బల్లలూ ఉన్నాయి, సరస్సు మొదటి నుంచి చివరి వరకు కుడి చేతి వైపే ఉంటుంది. మా అమ్మకు మోకాలి చిప్ప మార్పిడి జరిగిన ఎనిమిది నెలలకు అక్కడికి తీసుకువెళ్ళాను. చక్రాల కుర్చీ వెంట పెట్టుకున్నాము కాని ఆమె దాన్ని నెట్టుకుంటూ నడిచింది, కూర్చోలేదు.

ఎర్రమట్టి

సిమెంటు దారి మీద నడవడాన్ని హైకింగ్ అనలేము. సైకిళ్ళు కూడా వస్తూ ఉంటాయి.

రెండుజడలు

పేరు ఏదైనా పెట్టుకోండి. కృష్ణాతీరం గారు అడిగింది నడుస్తూ సరస్సును చూపించాలని. కొండ బాటల్లో మనిషి కళ్ళు ఎక్కువసేపు పాదాల మీదే ఉంటాయి, ఎక్కడ రాయి ఉందో ఎక్కడ వేరు ఉందో చూసుకోవాలి కదా. ఆ దారి మీద మా అమ్మ తల ఎత్తుకొని నడిచింది. ఒడ్డున గుండ్రటి గ్రానైటు బండలు నీళ్ళలోకి దిగుతూ, అడుగున ఇంకా ఎన్నో అడుగుల లోతు వరకు వాటి మీది మచ్చలు కూడా కనిపిస్తూ ఉంటే, "ఇవి నీళ్ళా, అద్దమా" అని నన్ను రెండుసార్లు అడిగింది.

నల్లమల_నడక

నేను రెండుజడలు గారి పక్షమే. సైకిళ్ళ సంగతి మాత్రం నిజం కాబట్టి ఉదయం ఏడు గంటలకల్లా మొదలుపెడితే మంచిది. ఇంక్లైన్ చివర డబ్బు కట్టి కారు నిలపాలి. శాండ్ హార్బర్ వేసవిలో పొద్దున్నే నిండిపోతుంది కాబట్టి అటు నుంచి మొదలుపెట్టే ఆలోచన వద్దు.

నీళ్ళ స్పష్టత గురించి వచ్చింది కాబట్టి ఒక మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు 1968 నుంచి ఒక తెల్లని పళ్ళేన్ని తాడు కట్టి సరస్సులోకి దింపి, అది ఎంత లోతున కంటికి కనిపించకుండా పోతుందో కొలుస్తూ వస్తున్నారు. మొదటి ఏడాది సగటు 102 అడుగులు. తరువాతి దశాబ్దాల్లో అది బాగా తగ్గింది. రోడ్ల నుంచీ కట్టడాల నుంచీ కొట్టుకువచ్చే సన్నని మట్టి రేణువులు నీళ్ళలో తేలుతూ ఉండిపోవడం, నాచు పెరగడం దీనికి కారణాలు. బాట మలుపు తిరిగే చోట అడ్డదారిన దిగకూడదని బోర్డులు పెట్టేది కూడా ఇందుకే. ఒక్కొక్కరు దిగిన చోట గట్టు తెగుతుంది, తరువాతి వానకు ఆ మట్టి కిందికి వస్తుంది. పిల్లవాడికి ఇది ముందే చెప్పండి. ఎనిమిదేళ్ళవాడికి అడ్డదారి కనిపిస్తే ఆగడు.

కృష్ణాతీరం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నాన్నకు రక్తపోటు మాత్ర ఉంది, డాక్టరుతో మాట్లాడతాను. రెండు సందేహాలు. ఒకటి, ఎమరాల్డ్ బే పూర్తిగా వదిలేయాలా? అమ్మ ఫోను తెర మీద బొమ్మగా పెట్టుకున్నది ఆ చిన్న దీవి ఉన్న దృశ్యమే. రెండు, పర్మిట్లు అవసరమా?

తెల్లవారుజాము

ఎమరాల్డ్ బే వదలవద్దు, వేళ మార్చండి. నేను ప్రతి ఏడాదీ ఉదయం ఆరున్నరలోపు అక్కడ ఉంటాను. ఆ వేళకు కారు నిలపడానికి చోటు దొరుకుతుంది, నీరు కదలకుండా ఉంటుంది, ఎండ తూర్పు నుంచి నేరుగా బే లోపలికి పడుతుంది. ఆ దీవి పేరు ఫానెట్, టాహో మొత్తంలో ఉన్న దీవి అదొక్కటే. దాని మీద కనిపించే రాతి గోడలు ఒక టీ గృహానివి. ఒడ్డున వైకింగ్స్‌హోమ్ అనే రాతి కోటను 1929లో కట్టించిన లోరా నైట్ దాన్ని కూడా కట్టించారు.

అయితే అమ్మగారిని ఆ కోట దాకా దింపవద్దు. రోడ్డు నుంచి కిందికి ఒక మైలు దారి, నాలుగు వందల అడుగులకు పైగా దిగుడు. ఆమెకు దిగుడే బాధ కాబట్టి మొదటి అరగంటలోనే మోకాలు అలిసిపోతుంది, తరువాత అంతా ఎక్కి రావాలి. పైన ఉన్న రాతి మీద కూర్చొని చూస్తే చాలు. నాన్నగారూ మీరూ మాత్రం రూబికాన్ ట్రెయిల్ నడవండి. డి.ఎల్. బ్లిస్ పార్కు నుంచి వైకింగ్స్‌హోమ్ దాకా నాలుగున్నర మైళ్ళు, నీటి అంచునే సాగుతుంది. బ్లిస్ వైపు మొదట్లో బాట కొండ చరియను పట్టుకొని వెళ్ళే చోట ఒక పక్క లోయ, ఇంకో పక్క రాయి, పట్టుకోవడానికి ఇనుప తీగ ఉంటాయి. పిల్లవాడిని కూడా తీసుకువెళితే అక్కడ వాడి చేయి వదలవద్దు. కింద నీరు ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా మొదలై, నాలుగు బారల దూరంలోనే ముదురు నీలంలోకి మారిపోతుంది. రంగు మారిన చోటే నేల తెగిపోయిందని అర్థం.

అరకు_కాఫీ

ఆ లోతు గురించి మా అబ్బాయికి ఇలా చెప్పాను. టాహో అత్యధిక లోతు 501 మీటర్లు. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అలాంటి ఆనకట్టలు నాలుగింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. వాడు ఆ రోజంతా ఎదురైన ప్రతి ఒక్కరికీ అది చెప్పాడు.

నల్లమల_నడక

పర్మిట్ల గురించి: డిసొలేషన్ వైల్డర్‌నెస్ లోపలికి అడుగుపెడితే ఒక్క పూట నడకకైనా పర్మిటు ఉండాలి. పగటి నడకకు అది ఉచితం, బాట మొదట్లో ఉన్న పెట్టెలో కాగితం నింపి ఒక ప్రతి వెంట ఉంచుకోవాలి. ఎమరాల్డ్ బే పక్కనే ఉన్న ఈగల్ లేక్ ఒక మైలు దూరమే అయినా వైల్డర్‌నెస్ లోపలే ఉంది, కాబట్టి దానికీ వర్తిస్తుంది. రాత్రి బస చేయాలంటే వేసవిలో ప్రాంతాల వారీగా పరిమితి ఉంటుంది, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఒక గుంపులో పన్నెండుమందికి మించకూడదు. మనవాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి ఇరవైమంది వెళ్ళడం నేను చూశాను, రేంజరు ఆపి సగంమందిని వెనక్కు పంపారు. లోపల మంట వేయకూడదు. రిమ్ ట్రెయిల్ మీద మిగతా చోట్ల పగటి నడకకు పర్మిటు అవసరం లేదు.

మామిడితాండ్ర

ఎలుగుబంట్ల గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు, మనిషి మీదికి రావడం అరుదు, తిండి వాసనకు మాత్రం ఎంత దూరమైనా వస్తాయి. మేము అద్దె ఇంటి ముందు కారు నిలిపి, వెనక సీటులో సున్నుండల డబ్బా మరిచిపోయాము. తలుపుకు తాళం వేయలేదు. కారు తలుపు పిడిని లాగి తెరవడం వాటికి అలవాటేనని తెల్లవారాక పక్కింటి ఆయన చెప్పారు. లోపలికి వెళ్ళాక తలుపు దానంతట అది మూసుకుపోయి ఉంటుంది, బయటకు రావడానికి అది చేసిన ప్రయత్నమంతా లోపల కనిపించింది. సీట్ల దూది బయటకు వచ్చింది, తలుపు లోపలి అట్ట చీలికలుగా వేలాడుతోంది, పైకప్పు గుడ్డకు నెయ్యి అంటుకొని ఉంది. డబ్బా మాత్రం మూత ఊడదీసి, నాకి, శుభ్రంగా పడి ఉంది. అద్దం ఒక మూల నుంచి పగిలి ఉంది కాబట్టి అటు నుంచే బయటపడి ఉంటుంది. మా నష్టం సంగతి అలా ఉంచి, ఇలా మనుషుల తిండికి మరిగిన ఎలుగును చివరకు చంపవలసి వస్తుందని విన్నప్పుడు మాకు చాలా బాధ కలిగింది. ఆ తప్పు మాది.

పులిహోర, పెరుగన్నం, పచ్చడి సీసా, పిల్లల బిస్కెట్లు, చివరకు టూత్‌పేస్టు కూడా రాత్రి కారులో ఉంచవద్దు. డిసొలేషన్‌లో రాత్రి ఉండేవారు ఎలుగులు తెరవలేని గట్టి డబ్బా, బేర్ కానిస్టర్ అంటారు, అందులోనే తిండి పెట్టాలని 2022 నుంచి నియమం ఉంది.

ఎర్రమట్టి

మూడు రోజుల్లో ఎమరాల్డ్ బే, ఇంక్లైన్, టాలక్ అన్నీ పెట్టుకుంటే సగం సమయం కారులోనే గడుస్తుంది. సరస్సు పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12. ఒడ్డంబడి చుట్టు దూరం 72 మైళ్ళు, చాలాచోట్ల రెండు వరుసల రోడ్డే. పైగా మనవాళ్ళందరూ హైవే 50 పట్టుకొని దక్షిణాన సౌత్ లేక్ టాహోలో దిగుతారు. మీరు ఐ-80 మీద ట్రకీ చేరి, అక్కడి నుంచి 267 మీద కింగ్స్ బీచ్‌కు దిగండి. ఉత్తరపు ఒడ్డున బస పెట్టుకుంటే ఈస్ట్ షోర్ ట్రెయిల్ ఒక పక్క, టాహో సిటీ ఇంకో పక్క దగ్గరవుతాయి.

ఇంకొక విషయం, బయలుదేరే ముందు కార్చిచ్చుల పొగ ఉందేమో చూసుకోండి. 2021 ఆగస్టు 30న కాల్డోర్ అనే కార్చిచ్చు వల్ల సౌత్ లేక్ టాహో ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించిన రోజున నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం పూట సూర్యుడు కుంకుమ బొట్టులా ఉన్నాడు, కారు అద్దం మీద బూడిద రాలుతోంది, ఎదురుగా ఉన్న సరస్సు కనిపించలేదు. హైవే మీద కార్లు అంగుళం అంగుళం కదిలాయి. అప్పటి నుంచి గాలి నాణ్యత చూడకుండా నేను గది బుక్ చేయడం లేదు.

నల్లమల_నడక

ఉత్తరపు ఒడ్డు సలహా సరైనది. దానికి రెండు బాటలు జోడిస్తాను.

టాహో సిటీకి దక్షిణంగా పడమటి ఒడ్డున, బ్లాక్‌వుడ్ క్యాన్యన్ మొగదల ఈగల్ రాక్ అని ఒక పాత అగ్నిపర్వత శిల ఉంది. ముప్పావు మైలు ఎక్కితే చాలు, సరస్సు మొత్తం చాప పరిచినట్లు కనిపిస్తుంది. శ్రమ తక్కువ, ఫలితం ఎక్కువ. అమ్మగారికి రెండు చేతికర్రలు ఇచ్చి, దిగేటప్పుడు అడ్డంగా చిన్న చిన్న అడుగులు వేయించండి.

రెండవది మూడో రోజుకు. ఇంక్లైన్ నుంచి మౌంట్ రోజ్ హైవే మీద 8,500 అడుగులు దాటాక టాహో మెడోస్ వస్తుంది. మంచు కరిగిన పచ్చిక బయలు, మధ్యలో సన్నని వాగులు, చెక్క వంతెనలు. అమ్మగారు అక్కడే తిరగవచ్చు. నడవగలిగినవారు రిమ్ ట్రెయిల్ మీద దక్షిణంగా ఒకటిన్నర మైళ్ళు వెళితే చికడీ రిడ్జ్ చేరతారు. ఆ గట్టు మీద నిలబడితే టాహో మొత్తం కింద ఉంటుంది. టాలక్ మీది దృశ్యానికి ఇది ఏమాత్రం తీసిపోదు, ఎక్కుడు మాత్రం దానికంటే చాలా తక్కువ. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ ముక్క మీద సైకిళ్ళను సరి సంఖ్య తేదీల్లోనే అనుమతిస్తారు. మీరు బేసి తేదీన వెళ్ళండి, వెనక నుంచి ఎవరు దూసుకువస్తారో అన్న భయం లేకుండా నాన్నగారు నడుస్తారు.

రేనాటి_బిడ్డ

చికడీ రిడ్జ్ మీదికి నేను చలికాలంలో మంచు చెప్పులతో వెళ్ళాను, వేసవిలో చూడలేదు. నల్లమల_నడక గారి మాట కాదనను. కాని టాలక్ మీద నిలబడితే రెండు వైపులా నీళ్ళు కనిపిస్తాయి, అది మాత్రం ఇక్కడ రాదు. నాన్నగారు మరో ఏడాది వస్తే, నాలుగు రోజులు అక్కడే ఉండి అలవాటు పడ్డాక ప్రయత్నించండి.

వేపచెట్టు_నీడ

ఈ మాటకు నాకు అభ్యంతరం లేదు. తలకు కట్టుకునే లైటు మాత్రం పగటి నడకకైనా సంచిలో ఉండాలి. ఇంకొకటి, నీళ్ళు చూసి మురిసి దూకవద్దు. జూలైలో కూడా ఒడ్డు దాటితే చలి ఊపిరి బిగబట్టేస్తుంది; ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ మొదటి నిమిషంలోనే మునిగిపోయే ప్రమాదం ఉంది. పిల్లవాడికి లైఫ్ జాకెట్ లేకుండా మోకాలి లోతు దాటనివ్వకండి.

కృష్ణాతీరం

వెళ్ళి వచ్చాము. మీ అందరికీ చెప్పవలసిన బాధ్యత ఉందనిపించి రాస్తున్నాను.

మొదటి రోజు ఉదయం ఈస్ట్ షోర్ ట్రెయిల్. ఏడింటికి దారి మీద మేమూ, కుక్కను నడిపిస్తున్న ఒక పెద్దావిడా తప్ప ఎవరూ లేరు. ఒక పెద్ద పైన్ చెట్టు దగ్గర అమ్మ ఆగి, బెరడు నెర్రెలో ముక్కు పెట్టి వాసన చూసి, "అరిసెల పాకం వాసన వస్తోందిరా" అంది. నేను నమ్మలేదు. నాన్న చూశారు, అబ్బాయి చూశాడు, చివరకు నేనూ చూశాను. అచ్చంగా బెల్లం పాకమే. ఆ తరువాత ఎండ తగిలిన ప్రతి చెట్టు దగ్గరా ఆగడం వల్ల మూడు మైళ్ళకు రెండున్నర గంటలు పట్టింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ రెండుసార్లు కూర్చుంది, అంతే.

రెండో రోజు ఐదుంబావుకు బయలుదేరి ఎమరాల్డ్ బే. కారు నిలపడానికి చోటు దొరికింది. నాన్న గత ఏడాది నిలబడిన చోటికే వెళ్ళి, ఈసారి రాతి మీద కూర్చొని గంటసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ తన ఫోనులోని బొమ్మనూ ఎదురుగా ఉన్న దీవినీ మార్చి మార్చి చూసుకుంది. వెనక్కు వస్తూ సాయంత్రం ఈగల్ రాక్ ఎక్కాము. పైన చివరి కొద్ది గజాలు రాళ్ళు గుట్టగా ఉన్నాయి, అమ్మ అక్కడ ఆగిపోయింది. ఆగిన చోటు నుంచి కూడా సరస్సు బాగానే కనిపించింది.

మూడో రోజు 29వ తేదీ, బేసి. టాహో మెడోస్. అమ్మ చెక్క వంతెనల మీద ఉండిపోయింది, మేము ముగ్గురం చికడీ రిడ్జ్ వెళ్ళాము. నాన్న పావు మైలుకు ఒకసారి ఆగి నీళ్ళు తాగారు, తలనొప్పి రాలేదు. గట్టు మీద అబ్బాయి అరచేయి చాచి కూర్చుంటే పిడికెడంత బూడిద రంగు పిట్ట ఒకటి వచ్చి వేలి మీద వాలి, ఖాళీ చేయి చూసి ఎగిరిపోయింది. మేము గింజలు వేయలేదు. రేనాటి_బిడ్డ గారూ, అక్కడి నుంచి నాన్న దూరంగా కనిపిస్తున్న టాలక్‌ను నాకు చూపించి, అది ఎంత ఎత్తు ఉంటుందని అడిగారు.

ఒక ఇబ్బంది ఉంది, దోమలు. సాయంత్రం పచ్చిక దగ్గర నిలబడనివ్వలేదు. వెళ్ళేవారు మందు తీసుకువెళ్ళండి.

మామిడితాండ్ర

మేము అక్టోబరు మొదట్లో వెళ్దామనుకుంటున్నాము. ఆ రోజుల్లో ఏ బాట బాగుంటుంది?

నల్లమల_నడక

స్పూనర్ లేక్. చుట్టూ రెండు మైళ్ళ చదునైన దారి. టాహో అక్కడి నుంచి కనిపించదు కాని, ఆస్పెన్ ఆకులు ఆ రోజుల్లో పసుపు కొమ్ముల రంగుకు తిరుగుతాయి. ఓపిక ఉంటే నార్త్ క్యాన్యన్ మీదుగా మార్లెట్ లేక్ దాకా ఐదు మైళ్ళు వెళ్ళండి. ఆ దారిలో తెల్లటి ఆస్పెన్ బోదెల మీద పూర్వం గొర్రెలు కాసుకున్న బాస్క్ కాపరులు కత్తితో చెక్కిన పేర్లు, తేదీలు ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు కొత్తవి చెక్కవద్దు.

రెండుజడలు

కృష్ణాతీరం గారూ, అమ్మగారికి చేతికర్రలు ఏ ఎత్తుకు పెట్టారు? మా అమ్మ వాటిని పట్టుకుంటే భుజాలు నొప్పి అంటుంది.

కృష్ణాతీరం

మోచేయి లంబకోణంలో మడిచినప్పుడు పిడి అరచేతికి అందేటట్లు పెట్టాము. దిగేటప్పుడు రెండు అంగుళాలు పొడవు పెంచాము, అప్పుడు ముందుకు వంగవలసిన అవసరం రాలేదు. పట్టీలోంచి చేయి కింది నుంచి పైకి దూర్చి పట్టుకుంటే బరువు మణికట్టు మీద పడుతుంది, భుజం బిగుసుకోదు. నిన్న అమ్మ ఆ కర్రలను మడిచి తన సూట్‌కేసులో చీరల కింద పెట్టుకుంది.